పిల్లలూ, ప్రయోగ చిత్రమూ

పిల్లలకు ఫలానా సినిమా చూపించవచ్చునా, కూడదా అనే ప్రశ్న పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. నిజానికి అది, లోకంలో వున్న క్రౌర్యాన్ని పిల్లలకు ఎవరు, ఎప్పుడు, ఏ విధంగా తెలియజెయ్యాలి అనే ప్రశ్న. కథా, మాటలూ లేని ప్రయోగాత్మక లఘుచిత్రాల విషయంలో యిది మరీ చిక్కుగా తయారవుతుంది.

కర్నూల్లో మా వీధిలో వుండే ఒక బస్సు కండక్టరు నన్ను యీ ప్రశ్నే అడిగాడు. "సార్, ఆ బొమ్మ మా పిల్లోనికి చూపించొచ్చునా? మాటల్లేవు, కథ ల్యాదు. కొట్టుకుని సచ్చేది మాత్రం ఉండాది."

ఆయన అడిగింది "నెయిబర్స్" అనే ఎనిమిది నిమిషాల చిత్రాన్ని గురించి. కెనడాలోని నేషనల్ ఫిల్మ్ బోర్డు తరఫున నార్మన్ మెక్‌లారెన్ 1952లో తీశాడు. అంతకు ముందు 1949లో యునెస్కో పనిమీద చైనాలో వుండి, అక్కడి విప్లవాన్ని ఆయన కళ్లారా చూశాడు. చిత్రంలో యిద్దరు యిరుగుపొరుగువాళ్లు. వాళ్ల మధ్య నేలలో ఒక పువ్వు పూస్తుంది. అది నాదంటే నాదని గట్టు పెట్టుకుంటారు, కొట్టుకుంటారు, పెళ్లాం బిడ్డల మీద కూడా పడతారు, చివరికి చస్తారు. పువ్వు వాళ్ల కాళ్ల కిందనే నలిగిపోతుంది. నటులను బొమ్మల్లాగా కదిలించి, ఒక్కొక్క చట్రంగా ఫొటో తీయడం యిందులోని ప్రయోగం.

గట్టు తగాదా కొంపలు కూల్చడం అంటే ఏమిటో కర్నూలు, కడప జిల్లాల పిల్లలకు కెనడా వాడు చెప్పనక్కర లేదు. అయినా యీ చిత్రం మనవాళ్లను కలవరపెడుతుంది. 1999 నాటి "సమరసింహారెడ్డి", 2002 నాటి "ఇంద్ర" వంటి ఫ్యాక్షన్ సినిమాలకు పసిబిడ్డలను చంకన వేసుకుని వెళ్లినప్పుడు లేని కలవరం యిప్పుడెందుకు? ఆ సినిమాల్లో ప్రేక్షకుడు కత్తి పట్టిన వీరుడి పక్షాన వుంటాడు కనుక నెత్తురు పండగలా కనిపిస్తుంది. మెక్‌లారెన్ చిత్రంలో వీరుడు లేడు. చూసేవాడికి నిలబడడానికి ఏ పక్షమూ దొరకదు. పిల్లవాడు తండ్రి వైపు తిరిగి "ఎందుకు?" అని అడుగుతాడు. మనం భయపడేది చాలాసార్లు ఆ ప్రశ్నకే.

అయితే, ఉద్దేశం మంచిదైతే చాలు, ఏదైనా పిల్లలకు పనికివస్తుందనే ధోరణి మన అభ్యుదయవాదుల్లో వున్నది. దీన్ని నేను ఒప్పుకోను. యుద్ధ వ్యతిరేకత గొప్ప భావమే. కాని అయిదేళ్ల బిడ్డకు ఆ భావం అందదు, తన్నులు తిన్న పసిపాప మాత్రమే కళ్లలో నిలిచిపోతుంది. భావం పేరుతో బిడ్డను భయపెట్టే హక్కు మనకెవరిచ్చారు?

భార్యాబిడ్డల మీద దాడి చేసే ఆ ఘట్టాన్నే అభ్యంతరాలు వచ్చిన మీదట ఒకప్పుడు తొలగించారు. వియత్నాం యుద్ధకాలంలో జనాభిప్రాయం మారి, మళ్లీ చేర్చారు. ఆ ఘట్టం మారలేదు, చూసే సమాజం మారింది. కాబట్టి తగినదా, తగనిదా అన్నది చిత్రంలో మాత్రమే వుండదు. చూసే బిడ్డలోనూ, పక్కన కూర్చున్న మనిషిలోనూ కూడా వుంటుంది.

కడప జిల్లా నుంచి వెళ్లిన బి. నాగిరెడ్డి 1947లో చక్రపాణితో కలిసి స్థాపించిన "చందమామ"నే చూడండి. శవాన్ని భుజాన వేసుకుని శ్మశానంలో నడిచే విక్రమార్కుడితోనే మన పిల్లలు దశాబ్దాల పాటు పెరిగారు. బేతాళుడు భయంతో వదిలిపెట్టడు, ప్రశ్న అడుగుతాడు. ఆ ప్రశ్న బిడ్డ తెలివిని గౌరవిస్తుంది.

కనుక తలిదండ్రులు చెయ్యవలసింది యిది. ముందుగా తామే చిత్రాన్ని ఆసాంతం చూడాలి. అది చూసేవాణ్ణి ఎవరి పక్షాన నిలబెడుతున్నదో, దెబ్బ తిన్నవాడి బాధను చూపుతున్నదో, దాన్ని వినోదం చేస్తున్నదో తేల్చుకోవాలి. బిడ్డ మరునాడు అడిగే ప్రశ్నకు కూర్చుని మాట్లాడే తీరిక తమకున్నదా అని చూసుకోవాలి. "నెయిబర్స్" వరకూ నా అభిప్రాయం: ఏడేళ్ల లోపు వద్దు, పదేళ్లు దాటినవాళ్లకు, పెద్దవాళ్లు పక్కనుంటే, తప్పక చూపించాలి.

1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని 2023లో సవరించి, యు.ఎ. తరగతిని ఏడు, పదమూడు, పదహారేళ్ల అంతస్తులుగా విడగొట్టారు. మంచిదే. కాని ఫోనులో దొరికే లఘుచిత్రానికి చాలాసార్లు ఏ సర్టిఫికెట్టూ వుండదు. ఉన్నా, అది వయస్సు చెబుతుందిగాని, బిడ్డ పక్కన కూర్చోదు.

పక్కన కూర్చోవడానికి తీరిక కావాలి. బేతంచెర్ల నాపరాళ్ల ఫ్యాక్టరీలో పగలంతా ఒళ్లు హూనం చేసుకున్న తల్లికి ఆ తీరిక ఎక్కడిది? ఆమె చేతిలో ఫోను పెట్టి, విచక్షణ కూడా నీదేనమ్మా అనడం అన్యాయం. ఆ పని బడి, గ్రంథాలయం, ఫిల్ము క్లబ్బు పంచుకోవాలి. ఉపాధ్యాయులమైన మనం ముందుగా చూసి, తలిదండ్రులకు చెప్పి, పిల్లలతో కలిసి చూసి, ఆ తర్వాత వాళ్లు అడిగేదాకా నీతి చెప్పకుండా ఓపిక పట్టాలి.