తలుపు పక్కన చీటీ

నోటితో అన్నమాట నిజమైతే చాలు, దాన్ని పట్టుకుని ఎదుటివాళ్ళు ఏమనుకున్నారన్నది మన పూచీ కాదని నేను చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకం ఎక్కడ బీటలు వారిందో చెబితే నవ్వుతారు. అమెరికాలో, టెక్సాస్‌లో, మా చెల్లెలి ఇంటి ముందు నిలబడ్డ ఒక పికప్ ట్రక్కు దగ్గర!

బండ్ల గురించి నాకు తెలిసింది సున్న. బి.ఏ.లో చదివింది చరిత్రా, తెలుగూను. అయినా డాలస్ దగ్గర చెల్లెలి ఇంట్లో ఉన్న రెండు నెలలూ ఆ బండి నాకు కంటిమీద కునుకు లేకుండా చేసింది. అర్ధరాత్రి దానంతటదే హారన్ కొట్టేది. ఫెళ్ళున ఎండ కాస్తుంటే వైపర్లు ఊపేది. తలుపులు తనే తాళం వేసేసుకునేది. తెల్లారి చూస్తే బ్యాటరీ చచ్చి ఉండేది. మా అమ్మే ఉంటే ఎర్రనీళ్ళు దిగదుడిచి నాలుగు రోడ్ల కూడలిలో పోయించేది.

మెకానిక్ వచ్చి ముందు బ్యాటరీ చూశాడు. తర్వాత ఎర్త్ తీగలు ఒక్కొక్కటే లాగి చూశాడు. చాలాసార్లు తప్పు ఆ తీగలదైతే నింద మాడ్యూల్ మీద పడుతుందిట. (సంసారాల్లో మాత్రం? సరే, అది ఇంకోసారి.) ఆఖరికి డాష్‌బోర్డు కింద చెయ్యిపెట్టి పుస్తకమంత నల్లటి పెట్టె ఒకటి లాగాడు. బాడీ కంట్రోల్ మాడ్యూల్. అద్దం అంచునుంచి వాన నీళ్ళు కారి దాని పిన్నులన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

వెనకటి బండ్లలో ఏ దీపానికి ఆ తీగ ఉండేది. ఇప్పుడు జడలా మెలేసిన రెండు తీగల మీదే బండిలోని పెట్టెలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఆ పద్ధతిని బాష్ కంపెనీ వాళ్ళు 1986లో డెట్రాయిట్‌లో బయటపెట్టారట. దీపాలూ, తాళాలూ, వైపర్లూ, దొంగలు ఎత్తుకుపోకుండా కాపలా... ఇవన్నీ ఈ పెట్టె పెత్తనం కింద ఉంటాయి. పెద్దకోడలన్నమాట.

కొత్త పెట్టె బిగించినంత మాత్రాన అయిపోలేదు. బండి కదలనంది. బండికుండే పదిహేడు అక్షరాల, అంకెల నంబరు కంప్యూటరు పెట్టి దానికి నేర్పాలి. తాళంచెవులనీ మళ్ళీ పరిచయం చెయ్యాలి. అంతవరకూ సొంత తాళంచెవి కూడా దొంగ కిందే లెక్క. ఇదంతా అయ్యాక మీటరు వెలిగింది. చూస్తే సున్నా! తిరిగిన మైళ్ళ లెక్క ఆ బండిలో పాత పెట్టెతోపాటే పోయింది.

మెకానిక్ కంగారుపడలేదు. జేబులోంచి చీటీ ఒకటి తీసి మా మరిది చేతిలో పెట్టాడు. పాత లెక్క నిలపడం సాధ్యం కానప్పుడు మీటరు సున్నా చేసి, రిపేరుకి ముందు ఎన్ని మైళ్ళు తిరిగిందో, తేదీ ఏమిటో రాసి ఎడమ తలుపు చట్రానికి అంటించాలని అక్కడి ఫెడరల్ చట్టం. చీటీ తేదీతో ఉంది, మైళ్ళ దగ్గర ఖాళీగా ఉంది.

అప్పటికే బండికి బేరం కుదిరింది. కొనేది చదువు ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరిన తెనాలి కుర్రాడు.

"ఆయిల్ మార్చినప్పటి రసీదుంది వదినా, లక్షా పద్దెనిమిది వేలు," అన్నాడు మరిది, సొరుగులోంచి కాగితం తీస్తూ. "అదే రాసేస్తాను. అడిగితే రసీదు చూపిస్తాను. రసీదు అబద్ధమాడదుగా!"

"ఆ రసీదు పదకొండు నెలల కిందటిది," అంది చెల్లెలు వంటింట్లోంచే. "రోజూ ఆఫీసుకి రానూపోనూ డెబ్భై మైళ్ళు."

అతను మాట్లాడలేదు. చెడ్డవాడు కాదు. కాగితం మీద ఉన్న నిజం చెప్పి లాభపడదామనుకున్నాడు, అంతే. ధర్మరాజు చేసిందీ అదేగా! నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున నడిచే ఆయన రథం ఆ ఒక్క మాటకి నేలకి దిగిందంటారు. ఆ కథ నేను ఎంతమందికి చెప్పానో! ఆవేళ మాత్రం నోరు పెగల్లేదు. ఎందుకో చెబుతాను.

మా ఆడపడుచుకి పన్నెండేళ్ళు వచ్చేవరకూ మూర్ఛలు వచ్చేవి. తర్వాత పోయాయి. పెళ్ళిచూపుల్లో మగపెళ్ళివారి తల్లి నన్ను పక్కకి పిలిచి, "అమ్మాయి మందులేమైనా వాడుతోందా?" అని అడిగింది. "అబ్బే, ఏమీ వాడటం లేదండీ," అన్నాను. అక్షరాలా నిజం. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు, నేను ఒక్కటీ ఆడకుండా చేశాను కదా అని గర్వం కూడాను. పెళ్ళి విషయంలోనూ, డబ్బు పోయేచోటా బొంకవచ్చని శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి వెసులుబాటిచ్చాడు. బలి వద్దన్న ఆ వెసులుబాటు మన ఇళ్ళల్లో మాత్రం చెల్లుబాటవుతూనే ఉంది.

తొలికాన్పుకి ముందు ఆ పిల్లకి మళ్ళీ మూర్ఛ వచ్చింది. తల్లీ బిడ్డా దక్కారనుకోండి. కానీ ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఆ అత్తగారు నన్ను ఒక్కమాట కూడా తిట్టలేదు. "చెప్పినా చేసుకునేవాళ్ళమేనమ్మా. చెప్పి ఉంటే డాక్టరుకి ముందే చెప్పుకునేవాళ్ళం," అంది, అంతే. ఆవిడ తిట్టి ఉంటే ఎంత బావుండేదో!

ఇదంతా నేను మరిదికి చెప్పలేదు. చెల్లెలికి తెలుసు. అది చేతులు తుడుచుకుంటూ వచ్చి, కూరగాయల బిల్లు వెనక సెలవులూ పండగలూ తీసేసి హెచ్చవేసింది. అతను ఆ లెక్క చూసి, పెన్ను మూత తీసి, లక్షా ముప్ఫైమూడు వేలు, సుమారు అని రాసి తలుపు పక్కన అంటించాడు. అమ్మకం కాగితంలోనూ మీటరు అసలు లెక్క చూపించడం లేదనే రాశాడు.

మర్నాడు కుర్రాడొచ్చాడు. తలుపు తీసి, వంగి, చీటీ చదివాడు.

"సుమారు అంటే ఎంత అంకుల్? అటా, ఇటా?"

మరిది నావైపు చూశాడు. నేను పూలకుండీకి అప్పటికే రెండుసార్లు పోసిన నీళ్ళు మళ్ళీ పోస్తున్నాను.

"అటే ఉంటుంది బాబూ," అన్నాడు.

కుర్రాడు తల గోక్కుని, ఇంకో ఏడువందల డాలర్లు తగ్గించమని బేరం మొదలుపెట్టాడు.