ఆయుధము దించిన చేయి

మన పక్షమున నిలిచి పోరాడినవానికి, పోరు ముగిసిన పిమ్మట మనమీద అధికారము చేయు హక్కు కలుగునా? ప్రగతి నగరులోని మా సంఘమున నల్లగొండ పల్లెలనుండి పనులకై వచ్చిన కుటుంబములు కలవు. వారి పెద్దలు రావి నారాయణరెడ్డిగారి పేరెత్తినప్పుడెల్ల ఈ ప్రశ్న నాకు తోచుచుండును.

ఆయన 1908లో భువనగిరి దగ్గర బొల్లేపల్లిలో భూస్వాముల యింట పుట్టెను. అయినను వెట్టిచాకిరికి విరోధియై, 1941లో చిలుకూరు ఆంధ్రమహాసభకు అధ్యక్షుడాయెను. 1947 సెప్టెంబరు 11న బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ గార్లతో కూడి నిజాముమీద సాయుధ పోరాటమునకు పిలుపునిచ్చెను. మరుసటి సెప్టెంబరులో భారత సైన్యము వచ్చెను, నిజాము లొంగిపోయెను.

చిక్కు ఇక్కడనే వచ్చినది. ఇక తుపాకి దించవలెనా? దించరాదని సహచరులలో అనేకులు వాదించిరి. పారిపోయిన దేశముఖులు తిరిగివచ్చి, బీదలు దున్నుకొనుచున్న భూములను లాగుకొందురని వారి భయము. అది ఉత్త భయము కాదు సుమీ! రెడ్డిగారు మాత్రము, ఎవనిమీద ఆయుధమెత్తితిమో వాడు పడిపోయెను గనుక పోరాటమును విరమింపవలెననిరి. ఇందుకు తనవారి చేతనే నిందలు పడిరి. పోరాటము 1951 అక్టోబరు వరకు సాగినది. ఆ మూడేండ్లలో అడవులలో కూలినవారెందరో!

చనిపోయినవారికి ద్రోహము చేయరాదని మనము సులువుగా అందుము. వారు తుపాకి కొరకు చచ్చిరా? భూమి కొరకు, మానము కొరకు చచ్చిరి. మనము వారికి బాకీపడినది అదియే.

అమెరికా సేనాపతి జార్జి వాషింగ్టనుకు ఇట్టి సమయమే వచ్చినది. జయించిన సేన ఆయన చేతిలో నుండెను. అయినను 1783 డిసెంబరు 23న అనాపోలిసు పట్టణమున ప్రజాప్రతినిధుల యెదుట తన పదవిని అప్పగించి ఇంటికి పోయెను. 1789లో ఎన్నుకొనబడిన తరువాతనే దేశాధ్యక్షుడాయెను. (బానిసలను ఉంచుకొనినవాడు గనుక ఆయనను అన్నిటిలో మాదిరిగా చూపను.) గిద్యోనును తలంచుడి: ఏలుబడి వద్దనెను గాని, పోగులబంగారము అడుగక మానలేదు!

1952లో రెడ్డిగారు నల్లగొండనుండి లోక్‌సభకు నిలిచి 3,09,162 ఓట్లు పొందిరి. నెహ్రూగారికి తన స్థానములో వచ్చినవి 2,33,571. తుపాకి పట్టినవాడు రాత్రివేళ తలుపు తట్టిన, తీయక తప్పునా? ఆ యేడు మాత్రము ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె యుండెను. ఆయన వద్దనుకొనిన ముసలమ్మయు తన చీటిని వేరొక పెట్టెలో వేసి ఇంటికి పోగలిగెను.