సరిపోవడం వేరు, చాలడం వేరు

గేములు ఆడుకోవడానికి ఎన్ని అంగుళాల మానిటర్ కొనాలి అన్నది చూడ్డానికి షాపులోనే తేలిపోయే ప్రశ్న. కొలతలుంటాయి, ధరలుంటాయి, కాస్త లెక్క తెలిస్తే సరి. రోజంతా తెరల ముందు కూర్చునే ఉద్యోగం కాబట్టి చుట్టాలూ స్నేహితులూ ఈ ప్రశ్న నన్ను తరచుగా అడుగుతుంటారు. దాని పక్కనే ఇంకో ప్రశ్న కూడా ఉంటుంది, అది మాత్రం ఎవరూ పైకి అడగరు. "నీకిది చాలు" అని ఒక మనిషికి ఇంకో మనిషి చెప్పొచ్చా? నేను రాయాలనుకున్నది ఈ రెండో ప్రశ్న గురించే. కానీ మొదటిదాన్ని దాటకుండా దీని దగ్గరికి వెళ్లలేం.

ముందు లెక్క చూద్దాం. మానిటర్‌ని మూల నుంచి ఎదురు మూలకి కొలుస్తారు. తొలినాటి టీవీ ట్యూబులు గుండ్రంగా ఉండేవి, వాటికి వ్యాసమే కొలత. ట్యూబు గుండ్రం పోయి నాలుగు మూలలు వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. ఈ కొలత వస్తువు గురించి చెప్తుంది తప్ప చూసేవాడి గురించి ఏమీ చెప్పదు. జాన, మూర, బార అంటూ ఒంటితోనే లోకాన్ని కొలుచుకున్న భాష మనది. అంగుళం కూడా వేలి నుంచి పుట్టిన మాటే. అయితే అది అట్టపెట్టె మీదికెక్కేసరికి అందులోంచి మనిషి జారిపోయాడు.

మనిషిని మళ్లీ లెక్కలోకి తేవాలంటే కంటికీ తెరకీ మధ్య దూరం కావాలి. 24 అంగుళాల తెర వెడల్పు దాదాపు 53 సెంటీమీటర్లు, 27 అంగుళాలది 60, 32 అంగుళాలది 71. అర మీటరు దూరం నుంచి చూస్తే 24 అంగుళాల తెర మన చూపులో 56 డిగ్రీల మేర పరుచుకుంటుంది, 32 అంగుళాలది 70 డిగ్రీలు. కన్ను నిజంగా స్పష్టంగా చూసేది ఒకటి రెండు డిగ్రీలే. చెయ్యి చాపి బొటనవేలు నిలబెడితే కనిపించే గోరంత అన్నమాట. మిగతాదంతా కన్ను తిప్పుకుంటూ పోగుచేసుకునేదే. వాలొరాంట్ లాంటి ఆటలో ఒక మూలన మ్యాపు, కింద మిగిలిన తూటాల లెక్క, మధ్యలో శత్రువు. తెర మరీ పెద్దదై, మరీ దగ్గరగా ఉంటే మ్యాపు చూడ్డానికి తలే తిప్పాల్సొస్తుంది. లక్షల డాలర్ల బహుమతులుండే పోటీల్లో కూడా ఆటగాళ్ల ముందు ఎక్కువగా 24, 25 అంగుళాల తెరలే కనిపిస్తాయి. పెద్దవి కొనలేక కాదు.

అదే తీరిగ్గా కథ వెంట తిరిగే ఆటైతే పెద్ద తెరే బాగుంటుంది, కొండలూ కోటలూ చుట్టూ పరుచుకోవాలి కదా. అప్పుడు పిక్సెళ్ల లెక్క వస్తుంది. 1920×1080 చుక్కలని 24 అంగుళాల తెర మీద పరిస్తే అంగుళానికి 92 పడతాయి. అవే చుక్కలని 27 అంగుళాల మీద పరిస్తే 82కి పడిపోతాయి, దగ్గరగా కూర్చుంటే అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి. 2560×1440 తెర తీసుకుంటే 109 వస్తాయి కానీ, 21 లక్షల చుక్కలు గీసే గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడు 37 లక్షలు గీయాలి, అదీ సెకనుకి అరవై సార్లో, నూట నలభై నాలుగు సార్లో. తెర పెరిగితే దాని వెనక కార్డు పెరగాలి, ముందు టేబులూ పెరగాలి.

ఇక్కడివరకూ ఇబ్బంది లేదు. ఇబ్బంది ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి వడ్డేపల్లి వెళ్లాలి.

జోగులాంబ గద్వాల జిల్లాలో, సీడు పత్తికి పేరుపడ్డ నేల అది. మా అక్కావాళ్లు అక్కడే ఉంటారు, బావ కూడా సీడు పత్తే వేస్తాడు. మేనల్లుడు కర్నూల్లో చదువుకుంటున్నాడు. మానిటర్ కొనాలని ఫోన్ చేశాడు. "మామా, 32ది తీసుకుందామనుకుంటున్న, ఏమంటవు?" వాడి టేబులు గోడకి ఆనించి ఉంటుంది, లోతు అడుగున్నర. స్టాండు పోను కంటికీ తెరకీ మధ్య అర మీటరు కూడా కష్టమే. పైన చెప్పిన లెక్కంతా చెప్పి, ఆ టేబులుకి 24 అయితే సరిపోతుంది అన్నాను. వాడు శ్రద్ధగానే విన్నాడు. విని, "నువ్వైతే రెండు 32లు పెట్టుకుంటివి గదా మామా" అన్నాడు.

దెప్పిపొడుపు కాదది, సందేహమే. జవాబు కూడా ఉంది: నా టేబులు లోతు 80 సెంటీమీటర్లు, నా పని వేరు. కానీ నా టేబులు ఎందుకంత లోతు? గది పెద్దది కాబట్టి. గది ఎందుకు పెద్దది? అక్కడ భౌతికశాస్త్రం ఆగిపోయి జీతం మొదలవుతుంది.

తెలుగులో దగ్గరదగ్గరగా వాడే రెండు మాటలున్నాయి, "సరిపోతుంది", "చాలు" అని. సరిపోవడం రెండు వస్తువుల మధ్య సంగతి. చెప్పు కాలికి సరిపోతుంది, తెర టేబులుకి సరిపోతుంది. కొలబద్ద ఉన్న ఎవరైనా చెప్పొచ్చు. చాలడం అలా కాదు, అది కోరికకి సంబంధించింది. బంతిలో కూర్చుని తినేవాడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలు" అంటాడు. వడ్డించేవాడు "చాలా?" అని అడగొచ్చు, "నీకు చాల్లే" అని గరిటె వెనక్కి తీసుకుంటే మాత్రం ఆ భోజనం అవమానమైపోతుంది. అన్నం తక్కువైనందుకు కాదు, చెప్పాల్సిన మాట ఇంకొకడు చెప్పినందుకు.

అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో మధ్యేమార్గం గురించి చెప్తూ మైలో అనే మల్లయోధుణ్ణి ఉదాహరణకి తెచ్చాడు. పది పాళ్ల తిండి ఎక్కువ, రెండు పాళ్లు తక్కువ అనుకుందాం. అంతమాత్రాన ఆరు పాళ్లు అందరికీ సరైనది కాదు. మైలోకి అది తక్కువ, కొత్తగా కుస్తీ మొదలుపెట్టినవాడికి ఎక్కువ. మధ్య అనేది వస్తువులో లేదు, మనిషిని బట్టి ఉంటుంది. మానిటర్ సైజుకి ఇంతకన్నా మంచి సూత్రం నాకు తెలీదు. కాకపోతే ఇది కూడా "సరిపోవడం" గురించిన సూత్రమే. కుస్తీ గురువుకి కండలు తెలుసు కాబట్టి కొలత చెప్పగలడు. కొలత తెలిసినంత మాత్రాన "చాలు" అనే హక్కు రాదు.

పైగా సరిపోవడంలో కూడా ఒక మోసం దాగుంటుంది. దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలి అంటారు. మంచి మాటే. కానీ ఆ సామెత దుప్పటి కొలతని ప్రకృతి ధర్మంలా తీసుకుంటుంది, అదెందుకు పొట్టిగా ఉందో అడగనివ్వదు. "నీ టేబులుకి 24 సరిపోతుంది" అన్న వాక్యం నిజమే. దాన్ని "కాబట్టి నువ్వు 32 కోరుకోకూడదు" అని వినిపించేలా చెప్తే, లేమిని శాస్త్రం వెనక దాచినట్టవుతుంది.

దీనికి ఆ నేల మీదే పెద్ద ఉదాహరణ ఉంది. తుంగభద్ర మీది రాజోలిబండ ఆనకట్ట నుంచి వచ్చే ఆర్డీఎస్ కాలువ వడ్డేపల్లి, మానవపాడు, అలంపూర్ వైపు భూములకి నీళ్లివ్వాలి. కాగితం మీద తెలంగాణ వాటా 15.9 టీఎంసీలు. కాలువ చివరి పొలాలకి ఆ లెక్కన నీళ్లు అందక దశాబ్దాల తరబడి గొడవ నడిచింది, లోటు పూడ్చడానికి తుమ్మిళ్ల ఎత్తిపోతల కట్టాల్సొచ్చింది. చివరి మడి రైతుకి "నీళ్లు ఇంతే ఉన్నాయి" అని చెప్పొచ్చు, అతను పోట్లాడతాడో సర్దుకుంటాడో అతని ఇష్టం. కాలువ మొదట్లో ఉన్నవాళ్లు అతనికి పొదుపు పాఠం చెప్తే అది వేరే సంగతి. పాఠంలో తప్పుండకపోవచ్చు, కానీ చెప్పేవాడు నిలబడ్డ చోటు తప్పు.

"ఇంతే ఉంది" అన్నదే మూడో మాట. మా బావ అంగుళాల గొడవలోకి రాలేదు. "ఈసారి ఇంతే ఉందిరా, దీంట్ల ఏది వస్తదో నువ్వే చూసుకో" అన్నాడు. వాడు అలగలేదు. వడ్రంగిని పిలిపించి టేబులుకి ముందువైపు ఇంకో పలక వేయించుకున్నాడు, 27 అంగుళాలది కొన్నాడు. టేబులు చిన్నదైతే తెర తగ్గించుకోవాలని నా లెక్క అనుకుంది. సరిపోవడానికి రెండు వైపులుంటాయి, టేబులు కూడా మారొచ్చని వాడి లెక్క.

"ఇంతే ఉంది" అనడంలో అవమానం లేదు, అది చెప్పేవాడి జేబు గురించిన నిజం. "ఇది సరిపోతుంది" అనడంలోనూ లేదు, అది వస్తువుల గురించిన నిజం. "నీకిది చాలు" మాత్రం ఎదుటివాడి మనసు గురించి మనం చేసే తీర్పు, ఎక్కువ ఉన్నవాడి నోట్లోంచి వస్తే ఇంకా బరువుగా పడుతుంది. మనం ఎక్కువగా చేసేదేమిటంటే, మొదటిది చెప్పడానికి మొహమాటపడి, రెండోదాన్ని అరువు తెచ్చుకుని, మూడోదాన్ని వినిపిస్తాం. పిల్లల చదువులకీ, పెళ్లి ఖర్చులకీ, ముసలివాళ్ల మందులకీ కూడా ఇదే వరస.

ఎవరైనా మానిటర్ సైజు అడిగితే కంటి దూరం కొలవమనండి, ఆడే ఆట ఏదో, కార్డు ఏదో అడగండి. డబ్బులు మీరే పెడుతుంటే ఎంత పెట్టగలరో దాచకుండా చెప్పండి. ఆ తర్వాత ఆగిపోండి. "చాలు" అన్న మాట విస్తరి ముందు కూర్చున్నవాడిది.