ఇరవై అయిదు అక్షరాల లోపల

మా నకిరేకల్‌లో కవిత్వమంటే పెద్దవాళ్లకు ముందు గుర్తొచ్చేది పాట. పదిమందిలో గొంతెత్తి పాడేది. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులకు, బుర్రకథలకు జనం రాత్రంతా కూర్చున్న జిల్లా ఇది. ఇక్కడ పెరిగిన నాకు అయిదు పాదాల, ముప్పై ఒక్క అక్షరాల జపాను తంకా మీద మనసు పోవడం కొంచెం ఎబ్బెట్టుగానే తోచేది. ఒంటరిగా కూర్చుని గొణుక్కునే మాటతో ఊరికేం పని?

తంకా కవి ఇషికవా తకుబొకు గురించి చదివాక ఆ ప్రశ్నకు పదును తగ్గింది. 1886లో ఉత్తర జపానులో ఒక జెన్ ఆలయ పూజారికి పుట్టాడు. సొంతూరి బడిలో కొన్నాళ్లు పంతులు, హొక్కయిదోలో కొన్నాళ్లు పత్రికల కొలువు. 1908లో టోక్యో చేరి, 1909 నుంచి అసాహి పత్రికలో ప్రూఫులు దిద్దాడు. నవలలు రాసి నిలబడాలనుకున్నాడు, కుదరలేదు. అప్పులు మాత్రం పెరిగాయి. 1912 ఏప్రిల్‌లో క్షయతో పోయేనాటికి వయసు ఇరవై ఆరు.

ఆనవాయితీగా ఒకే వరుసలో రాసే తంకాను మూడు వరుసలుగా విరిచాడు. పూలు, వెన్నెల ఏలే చోటికి జీతాన్ని, అద్దె గదిని, ముసలి తల్లిని తెచ్చాడు. 1910లో వచ్చిన ‘గుప్పెడు ఇసుక’లో 551 తంకాలున్నాయి. ప్రచురణకర్త ఇచ్చిన డబ్బు అప్పుడే పుట్టిన కొడుకు మందులకు పోయింది. పిల్లవాడు నెల తిరక్కుండానే పోయాడు. దహనం చేసిన రాత్రే పుస్తకం అచ్చు నమూనా చూసుకున్నానని ముందుమాటలో తనే రాసుకున్నాడు. ఏడుపు లేదు, లెక్క చెప్పినట్టుంటుంది. నాకు ఆ 551 తంకాల కంటే ఈ రెండు ముక్కలే ఎక్కువగా గుర్తుంటాయి.

ఆ ఏడే చక్రవర్తి మీద కుట్ర పన్నారని సోషలిస్టులను, అరాచకవాదులను పట్టుకున్నారు. 1911 జనవరిలో పన్నెండు మందిని ఉరితీశారు. తకుబొకు ఆ కేసు కాగితాలు సంపాదించి చదివాడు, కొన్నిటిని చేత్తో రాసిపెట్టుకున్నాడు. గదిలో ఒంటరిగా రాసినవాడికి ఊరు పట్టదనుకోవడం నా అమాయకత్వం.

మనకూ పొట్టి కవిత కొత్త కాదు. ఆటవెలదిలో నాలుగో పాదం మకుటానికి పోతే వేమన చేతిలో మిగిలేది మూడే. వేమన మీద పరిశోధన చేసిన భువనగిరి ఎన్.గోపి 1997లో నానీలు మొదలుపెట్టారు. నాలుగు పాదాలు, ఇరవై నుంచి ఇరవై అయిదు అక్షరాలు. జపాను వైపు చూడకుండానే ఆయన ఇక్కడికి రాగలరని నా అనుమానం. అప్పట్లో భువనగిరి మా నల్లగొండ జిల్లాలోదే. ఆ గర్వం కాస్త ఉండనివ్వండి.

తర్వాత నానీలు రాయనివాళ్లు కరువయ్యారు. మంచివి వచ్చాయి. అక్షరాలు సరిపోయి లోపల ఏమీ లేనివి ఇంకా ఎక్కువ వచ్చాయి. నీతివాక్యాన్ని నాలుగు ముక్కలు చేసి నానీ అంటే ఎట్లా? తకుబొకు దగ్గర నీతి లేదు. ఎవరికి ఎంత బాకీ, ఎవరు పోయారు, ఆ రోజు పని ఎట్లా గడిచింది అన్నవి ఉన్నాయి.

బడుల్లో పిల్లలతో నానీలు రాయిస్తున్న సార్లకు, మేడమ్‌లకు ఒక్క మనవి. ఈ ఏడు చెట్టు, నీరు, అమ్మ గొప్పదనం అనే అంశాలు ఇవ్వకండి. నిమ్మకాయల మార్కెట్‌లో ఆ రోజు ధర పడిపోతే ఇంట్లో ఏ ఖర్చు ఆగిందో రాయమనండి. అక్షరాలు తర్వాత లెక్కపెట్టుకోవచ్చు.