తృప్తి వేరు, సర్దుకుపోవడం వేరు



"ఉన్నదానితో తృప్తి పడాలి" అన్న మాటను మనమందరం చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. ఇంట్లో పెద్దలు చెప్పారు, బడిలో పంతుళ్లు చెప్పారు, దేవాలయంలో గురువులు చెప్పారు. మాట మంచిదే. అయితే దీన్ని ఎవరు ఎవరికి చెబుతున్నారో ఒకసారి గమనించండి. నెలకు మరో ఐదు వందలు పెంచమని అడిగిన పనిమనిషికి ఇంటి యజమానురాలు చెబుతుంది. పై చదువు చదువుతానన్న ఆడపిల్లకు తండ్రి చెబుతాడు. అత్తవారింట్లో పడుతున్న బాధ చెప్పుకోవడానికి పుట్టింటికి వచ్చిన కూతురితో తల్లి, "సర్దుకుపోవాలమ్మా, ఏం చేస్తాం" అంటుంది. ఈ మాటను తనకు తాను చెప్పుకునేవారు తక్కువ, ఎదుటివారికి చెప్పేవారు ఎక్కువ.

అందుచేత ఈ వారం ఒక ప్రశ్న వేసుకుందాం. తృప్తి నిజంగా ఒక సుగుణమా, లేక లేనివారి నోరు మూయించడానికి ఉన్నవారు కనిపెట్టిన ఉపాయమా? తృప్తిగా ఉన్న మనిషి ఎదుగుతాడా? అన్యాయాన్ని ఎదిరిస్తాడా?

ఈ ప్రశ్న ఈనాడు మరింత అవసరం. 'మైండ్‌ఫుల్‌నెస్' అనే మాట ఇప్పుడు మన ఊళ్లోనూ బాగా వినిపిస్తోంది. దాన్ని మన భాషలో 'ఎరుక' అనవచ్చు. చేస్తున్న పని మీద, ఉన్న క్షణం మీద మనసు నిలపడం అని అర్థం. బౌద్ధులు దీన్ని వేల సంవత్సరాల నుంచి 'స్మృతి' అనే పేరుతో సాధన చేస్తున్నారు. అమరావతి, నాగార్జునకొండ ఉన్న తెలుగు నేలకు ఇది కొత్త విషయం కాదు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన దీన్ని రోగుల ఒత్తిడి తగ్గించే శిక్షణగా మలిచాడు. అక్కడి నుంచి అది కార్యాలయాలకు పాకింది. రోజుకు పన్నెండు గంటలు పని చేయించే సంస్థ కూడా తన ఉద్యోగులకు కళ్లు మూసుకుని శ్వాసను గమనించమని పాఠం చెప్పించవచ్చు. శ్వాసను గమనించడం మంచిదే. కానీ ఆ పన్నెండు గంటల మాట ఎవరు ఎత్తుతారు?

ముందు తృప్తి అంటే ఏది కాదో చూద్దాం. ఇందుకు దూరం వెళ్లనక్కరలేదు, మన హైదరాబాదులోని బషీర్‌బాగ్ చాలు. ఆ పేరే ఒక పాఠం. 1887లో నిజాం రాజ్యానికి ప్రధానమంత్రి అయిన బషీరుద్దౌలా అస్మాన్ జా అక్కడ ఒక రాజభవనంలో నివసించేవారు. బాగ్ అంటే తోట. ఇప్పుడు ఆ భవనం లేదు, తోట లేదు. పేరు మాత్రం బస్సుల బోర్డుల మీద మిగిలింది.

దాని పక్కనే కింగ్ కోఠి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ నివసించినది, 1967లో కన్నుమూసినది అక్కడే. 1937 ఫిబ్రవరిలో 'టైమ్' పత్రిక ఆయన చిత్రాన్ని ముఖచిత్రంగా వేసి ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడిగా పరిచయం చేసింది. అంతటి ధనవంతుడు మాసిన టోపీ, పాత దుస్తులు ధరించేవారని, చౌక సిగరెట్లు తాగేవారని పాతబస్తీ పెద్దలు ఇప్పటికీ కథలు కథలుగా చెబుతారు. సుమారు 185 కారట్ల జాకబ్ వజ్రం ఆయన తండ్రి చెప్పు ముందుభాగంలో దొరికిందని, దాన్ని ఆయన కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకున్నారని ప్రసిద్ధి. 1995లో భారత ప్రభుత్వం నిజాం ఆభరణాలను సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్నప్పుడు ఆ వజ్రం కూడా ప్రభుత్వపరమయింది.

ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని స్థాపించిన ప్రభువును తీర్పు తీర్చడానికి మనమెవరం? ఆయన హృదయంలో ఏముందో దేవునికే ఎరుక. అయితే ఈ కథ నుంచి మన కోసం ఒక సంగతి గ్రహించవచ్చు. తక్కువ ఖర్చు పెట్టినంత మాత్రాన తృప్తి ఉన్నట్లు కాదు. పొదుపు తృప్తి నుంచి రావచ్చు, భయం నుంచీ రావచ్చు. ఒకరు "ఇది చాలు" అని తక్కువ వాడతారు. మరొకరు "రేపు చాలదేమో" అని తక్కువ వాడతారు. బయటికి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. అలాగే అందని ద్రాక్షపండ్లు పుల్లన అనుకోవడం కూడా తృప్తి కాదు. అది ఓటమికి వేసుకున్న అందమైన ముసుగు.

మరి తృప్తి అంటే ఏమిటి? వెన్న చేత పట్టుకుని నేతి కోసం వెతికినట్లు అని మన సామెత. అందులోని మనిషికి వెన్న లేక కాదు బాధ, తన చేతిలో వెన్న ఉందన్న ఎరుక లేక. మన అతృప్తిలో చాలా భాగం ఇలాంటిదే. ఆబిడ్స్‌లో ఇరానీ చాయ్ తాగుతూ సెల్‌ఫోన్‌లో మరొకరి విహారయాత్ర ఫోటోలు చూసే మనిషిని గమనించండి. చాయ్ ఎప్పుడు అయిపోయిందో అతనికే తెలియదు. యాత్రా దక్కలేదు, చాయ్ కూడా దక్కలేదు. ఉన్నదాన్ని నిండుగా చూడగలగడమే తృప్తికి మొదటి మెట్టు. చూపులో లేనిది చేతిలో ఉన్నా లేనట్లే. ఎంతటి వజ్రమైనా చెప్పులో పడి ఉంటే గులకరాయితో సమానం.

పదిహేడవ శతాబ్దంలో పారిస్ నగరంలో, కార్మెలు సభవారి మఠంలో లారెన్స్ అనే సహోదరుడు ఉండేవారు. పెద్ద చదువు లేదు. గురువు కాలేదు. ఏళ్ల తరబడి వంటగదిలో పని చేశారు. కాలి నొప్పి వల్ల నిలబడలేక, తరువాత మఠవాసుల చెప్పులు బాగుచేసే పనిలో కూర్చున్నారు. 1691లో మరణించారు. వంటగది సందడిలో గిన్నెల మధ్య ఉన్నప్పుడు కూడా దేవాలయంలో మోకరించినప్పటి ప్రశాంతతే తనకు ఉంటుందని ఆయన చెప్పేవారట. ఆయన మాటలు, లేఖలు ఆయన మరణానంతరం పుస్తకంగా వచ్చి ఇన్ని శతాబ్దాలుగా చదవబడుతున్నాయి. ఆ పెనం మీది అట్టునే మనసు పెట్టి తిప్పడం ఆయన నేర్చుకున్న విద్య.

ఇక్కడ ఒక యువకుడు ఇలా అడగవచ్చు: "అయ్యా, అందరూ ఇలా అట్టు తిప్పుకుంటూ కూర్చుంటే ఎదుగుదల ఎక్కడిది?" న్యాయమైన ప్రశ్న. అశోక్‌నగర్, చిక్కడపల్లి సందుల్లో ఇరుకు గదులు అద్దెకు తీసుకుని గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు వేలమంది ఉన్నారు. ఉద్యోగం వచ్చాకే తమ బతుకు మొదలవుతుందని వారిలో చాలామంది అనుకుంటారు. ఒక నోటిఫికేషన్ నుంచి మరో నోటిఫికేషన్‌కు ఎదురుచూస్తూ ఇరవై నుంచి ముప్పై ఏళ్ల వయసు వరకు జీవితాన్ని వాయిదా వేస్తారు. వారికి "చదువు మానేసి తృప్తి పడు" అని చెబితే అది క్రూరత్వం. చెప్పవలసినది వేరు. ఈ రోజు చదివిన పేజీ నీ జీవితంలోని పేజీయే. ఈ రోజు గదిలో నీతో అన్నం పంచుకున్న మిత్రుడు నీ జీవితంలోని మిత్రుడే. ఫలితం వచ్చేదాకా బతుకును ఆపుకోనక్కరలేదు.

గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ ఒక చక్కని విషయం గమనించాడు. ఇల్లు కట్టడం ద్వారానే తాపీ పనివాడు అవుతాడు, వీణ వాయించడం ద్వారానే వైణికుడు అవుతాడు, న్యాయమైన పనులు చేయడం ద్వారానే న్యాయవంతుడు అవుతాడు అన్నది అతని వాదన సారాంశం. అంటే ఎదుగుదల రేపు జరిగేది కాదు. ఇప్పుడు చేతిలో ఉన్న పనిలో జరిగేది. పక్కింటివారి మేడ ఎత్తు చూసి మన మేడ మరో అంతస్తు లేపితే పెరిగేది గోడ, మనిషి కాదు. కాబట్టి ఈ రెంటినీ విడదీసి చూడాలి. నాకున్నవాటి విషయంలో తృప్తి ఉండాలి. నేనున్న తీరు విషయంలో మాత్రం తృప్తి పడకూడదు. "నాకింత చాలు" అనడం సుగుణం. "నేనింతే" అనడం సోమరితనం.

ఇక చివరి ప్రశ్న, అన్నిటికంటె కష్టమైనది. తృప్తిగల మనిషి అన్యాయాన్ని చూసి ఏమి చేస్తాడు?

మళ్లీ బషీర్‌బాగ్‌కే వద్దాం. 2000 ఆగస్టు 28న విద్యుత్ ఛార్జీల పెంపునకు నిరసనగా వేలాదిమంది అసెంబ్లీ వైపు బయలుదేరారు. బషీర్‌బాగ్ కూడలి దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు మరణించారు. ప్రతి ఏటా ఆ రోజున వారిని తలచుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. రాజకీయ పక్షాల వాదనలు పక్కన పెట్టండి. ఆనాడు ఆ కూడలిలో నిలబడి, కరెంటు బిల్లు కట్టలేని రైతుతో "నాయనా, ఉన్నదానితో తృప్తి పడు" అని ఎవరైనా చెప్పి ఉంటే, ఆ మాట ఎలా వినిపించేది?

దీనికి జవాబు పునీత పౌలుగారి జీవితంలో దొరుకుతుంది. ఏ స్థితిలోనైనా తృప్తిగా ఉండడం తాను నేర్చుకున్నానని ఆయన చెరసాల నుంచి ఫిలిప్పీయులకు వ్రాసారు. 'నేర్చుకున్నాను' అన్నారు, గమనించండి. పుట్టుకతో వచ్చిన స్వభావం కాదు, సాధన. అయితే అదే ఫిలిప్పీ పట్టణంలో అంతకు ముందు జరిగిన సంగతి అపోస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఉంది. విచారణ లేకుండా ఆయనను, సీలాను బెత్తాలతో కొట్టి, కాళ్లకు బొండ వేసి చెరలో పడేశారు. అర్ధరాత్రి వేళ వారిద్దరూ దేవుణ్ణి కీర్తిస్తూ పాటలు పాడారు. తెల్లవారగానే అధికారులు "వెళ్లిపొండి" అని కబురు పంపారు. మరొకరైతే అదే చాలని సర్దుకుపోయేవారు. పౌలు కదలలేదు. రోమా పౌరులమైన మమ్మల్ని బహిరంగంగా కొట్టి, ఇప్పుడు రహస్యంగా పంపుతారా, అధికారులే స్వయంగా రావాలి అని పట్టుబట్టారు. వారు వచ్చి బతిమాలి బయటకు తీసుకుపోయారు.

అర్ధరాత్రి పాట పాడిన నోరే ఉదయం న్యాయం అడిగింది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయి? అతనికి భయం లేదు కనుక. తృప్తి లేని మనిషిని ఒక చిన్న బహుమానంతో కొనవచ్చు, ఒక చిన్న నష్టంతో బెదిరించవచ్చు. తృప్తిగల మనిషిని కొనలేరు, బెదిరించలేరు. అందుచేత నిజమైన తృప్తి అన్యాయానికి మిత్రుడు కాదు, దాని బద్ధశత్రువు. సర్దుకుపోయేవాడు భయపడి తల వంచుతాడు. తృప్తిగలవాడు నిశ్చింతగా తల ఎత్తుతాడు.

ఫ్రెంచి తత్వవేత్త సిమోన్ వేల్ 1934లో అధ్యాపకురాలి ఉద్యోగానికి సెలవు పెట్టి పారిస్ ఫ్యాక్టరీలలో కార్మికురాలిగా పని చేసింది. బాధలో ఉన్నవాడి మీద పూర్తిగా మనసు నిలపడం అరుదైన ప్రేమ అని ఆమె భావించింది. ఎరుకకు అసలైన పరీక్ష ఇదే. కళ్లు మూసుకుని నా శ్వాసను నేను గమనించగలిగినప్పుడు, కళ్లు తెరిచి మా ఇంట్లో అంట్లు తోమే అమ్మ చేతులు పగిలి ఉండడం కూడా గమనించగలగాలి. సువార్తలోని ధనవంతుడు లాజరును కొట్టాడని ఎక్కడా లేదు. తన వాకిట పడి ఉన్నవాణ్ణి పట్టించుకోలేదు, అంతే.

కాబట్టి తృప్తిని గురించి ఒక చిన్న నియమం పెట్టుకుందాం. తృప్తి నాకు నేను చెప్పుకోవలసిన మాట. నా పళ్లెంలోని అన్నం గురించి "చాలు" అనవచ్చు. పొరుగువాడి ఖాళీ పళ్లెం గురించి "చాలు" అనే హక్కు నాకు లేదు.

ఇది అభ్యాసంతో వచ్చే విద్య అనుకున్నాం గదా, అభ్యాసం ఎలా? బషీర్‌బాగ్‌కు కూతవేటు దూరంలో, గన్‌ఫౌండ్రీలోని పునీత జోజప్పగారి కథీడ్రల్‌కు 1892లో ఇటలీ నుంచి ఐదు గంటలు వచ్చాయి. రోజుకు మూడుసార్లు గంట కొట్టగానే చేతిలో పని ఆపి త్రికాల ప్రార్థన చెప్పుకోవడం మన పూర్వులకు అలవాటు. మధ్యలో ఆగడమే అందులోని కిటుకు. మీకు గంట వినిపించకపోతే బషీర్‌బాగ్ సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు ఉంది. దాన్ని తిట్టుకోవడం మాని, ఆ ఒక్క నిమిషంలో మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇప్పుడు నా చేతిలో ఏముంది? నిన్నటి కంటె నాలో ఏమి మారాలి? ఈ రోజు నేను ఎవరిని చూసీ చూడనట్లు దాటిపోయాను?

మొదటి ప్రశ్నకు కృతజ్ఞత చెప్పండి. రెండవదానికి ఒక నిర్ణయం తీసుకోండి. మూడవదానికి మాత్రం పచ్చ లైటు పడగానే వాహనాన్ని ఆ మనిషి ఉన్న వైపుకు తిప్పండి. బహుశా మీ ఇంటికే తిప్పవలసి రావచ్చు. ఆ ఐదు వందల కోసం అడిగిన మనిషి రేపు ఉదయం మళ్లీ మీ వంటగదిలోనే ఉంటుంది.