ఎవరును పిలువని దినమున

గుజరాతులోని పోర్‌బందరు ప్రాంతమున నాలుగు నెలల వ్యవధిలో రెండు హెలికాప్టర్లు కూలెను. రెండును భారత తీర రక్షక దళమునకు చెందిన ధ్రువ్ హెలికాప్టర్లే. 2024 సెప్టెంబరు 2వ తేది రాత్రి, ‘హరి లీల’ అను ట్యాంకరు నౌకలో తీవ్రముగా గాయపడిన నావికుని ఒడ్డునకు చేర్చుటకై బయలుదేరిన మొదటిది అరేబియా సముద్రములో పడెను. అందున్న నలుగురిలో ఒక్కరే బ్రతికిరి. 2025 జనవరి 5వ తేదిన శిక్షణ నిమిత్తము ఎగిరిన రెండవది పోర్‌బందరు విమానాశ్రయములోనే కూలి దగ్ధమయ్యెను. అందున్న ముగ్గురును మరణించిరి.

మొదటి ముగ్గురి మరణమునకు లోకము సులభముగా అర్థము చెప్పగలదు. ఆపదలోనున్న యొకనికొరకు వెళ్లిరి. ఆ ప్రయత్నములోనే ప్రాణములు విడిచిరి. రెండవ ముగ్గురి విషయములో మాట తడబడును. ఆ దినమున వారిని ఎవరును పిలువలేదు. నడిసముద్రమున ఎవరును వారికొరకు ఎదురు చూడలేదు. వారు ఎగిరినందున ఒక్క ప్రాణమైనను దక్కలేదు. అట్లయిన వారి మరణము వ్యర్థమా? మొదటివారి త్యాగముకంటె అది తక్కువదా?

ఫలమునుబట్టియే క్రియకు విలువ కట్టువారు తక్కువదే యందురు. కాని ఆ కొలత మొదటివారికిని చాలదు. ఆ రాత్రి వారు తలపెట్టిన కార్యమును వారి చేతిమీదుగా నెరవేరలేదు గదా! కనుక వారిని స్మరించునప్పుడు మనుష్యులు నిజముగా గౌరవించునది ఫలమును కాదు, పొరుగువానికొరకు సిద్ధపడిన మనస్సును. ఆ మనస్సు ఆపద దినమునను, శిక్షణ దినమునను ఒక్కటే.

సెప్టెంబరులో కూలిన ఆ హెలికాప్టరు, అంతకు ముందు గుజరాతును ముంచెత్తిన వానలలో 67 మందిని కాపాడినదని తీర రక్షక దళము తెలిపెను. ఆ నేర్పు వరద దినమున ఆకాశమునుండి ఊడిపడినది కాదు. పెనుగాలిలో ఒకచోట నిలిచి, త్రాటితో మనిషిని పైకి లాగు విద్య, ఎవరును చూడని సాధారణ దినములలో మరల మరల ఎగురుటవలననే అలవడును. రక్షింపబడినవాడు ఆ దినములను ఎరుగడు. వాటికి కృతజ్ఞత చెప్పువాడును లేడు. శిక్షణ యనగా ముఖమెరుగని పొరుగువానికి ముందుగా చేయు సేవయే.

అయితే ఇచ్చట ఒక అపాయము పొంచియున్నది. ‘త్యాగము’ అను గొప్ప మాట అడుగవలసిన ప్రశ్నలను కప్పివేయవచ్చును. ‘విధి వ్రాత’ అను మాటయు అట్టిదే. జనవరి ప్రమాదము తరువాత జరిగిన పరిశోధనలో ‘స్వాష్‌ప్లేటు’ అను భాగము పగిలినట్లు కనబడెను. పైలటు చేతి కదలికను తిరుగుచున్న రెక్కలకు అందజేయునది ఆ భాగమే. అది పగిలినచో ఎంతటి నేర్పరి చేయియైనను రెక్కలను అదుపు చేయజాలదు. గాలిని, చీకటిని, సముద్రమును ఎదుర్కొనుటకు ఆ ముగ్గురు సమ్మతించిరి. నమ్మి ఎక్కిన యంత్రమే చేయి విడుచుటకు వారు సమ్మతింపలేదు. ఒకడు స్వేచ్ఛగా ప్రాణమొడ్డినంత మాత్రమున అతనిని పంపువారి బాధ్యత తగ్గదు, మరింత పెరుగును.

ఆ ప్రమాదము తరువాత దేశరక్షణలోనున్న మూడు వందలకు పైగా ధ్రువ్ హెలికాప్టర్లు నిలిపివేయబడెను. ఆ నిర్ణయము తేలికయైనది కాదు. ఎగిరినచో ఎగురువారికి అపాయము. ఎగురనిచో కొండలలోను, సముద్రముమీదను సహాయమునకు ఎదురుచూచువారికి నష్టము. అయినను కారణము తెలియువరకు ఆగుట న్యాయమే. పైలటు దినదినము తన పొరపాటును దిద్దుకొనుచుండగా, యంత్రమును చేసినవారును, దానిని పరీక్షించువారును నేర్చుకొననిచో ఆ శిక్షణ సగముతో ఆగినట్లే.

కాబట్టి ఒక మరణము వ్యర్థమగునా కాదా అనునది మరణించినవారి చేతిలో మాత్రమే లేదు. వారు తమ వంతు ముగించిరి. పగిలిన లోహమును దాచక చూచుట, చూచినదానిని దాచక చెప్పుట, చెప్పినదానిని సరిచేయుట బ్రతికియున్నవారి వంతు. రోగి రాకమునుపే ప్రాణవాయువు సిలిండరును సరిచూచు నర్సునకును, గాలివాన రాకమునుపే తీగలను పరీక్షించు లైన్‌మానునకును ఇదే ధర్మము. పిలుపు వచ్చిన దినమున మనిషి చేయగలిగినది, పిలుపు రాని దినములలో అతడు నమ్మకముగా చేసినదానిపైననే నిలుచును.