ఎవరు చూపిన దారి?

పెట్టెలో 25 అరలు. అరకూ అరకూ మధ్య 10 మిల్లీమీటర్ల దూరం. ఒక్కో అరలో 300 మిల్లీమీటర్ల వ్యాసమున్న సిలికాన్ వేఫర్, మందం 775 మైక్రాన్లు. చిప్పుల ఫ్యాక్టరీలో రోబో ఆ సందులోకి పలుచటి బ్లేడు దూర్చి, పైనా కిందా తగలకుండా వేఫర్‌ను తీసి, ప్రాసెస్ జరిగే ఛాంబర్‌లో పెట్టి రావాలి. చాలా ఛాంబర్లలో గాలే ఉండదు కనుక పీల్చి పట్టుకునే వీలూ లేదు; వేఫర్ తన బరువుతో, రాపిడితో బ్లేడు మీద నిలవాల్సిందే.

వేఫర్‌ను తీసే, పెట్టే చోటు ఎక్కడుందో రోబోకు ముందు ఒక మనిషి చూపించాలి. రోబోను నడిపే చేతి రిమోట్, అంటే పెండెంట్, పట్టుకుని, బ్లేడును వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ, టార్చి వేసి పక్కనుంచి వంగి, ఇటెంత సందు అటెంత సందు అని చూస్తారు. ఛాంబర్‌లో వేఫర్‌ను మోసే మూడు పిన్నులూ దాన్ని ఒక్కసారే అందుకుంటున్నాయా, ఒకటి ముందు తగిలి వేఫర్ రవ్వంత జారుతోందా? చూసి చూసి, ఒకచోట ‘ఇక చాలు’ అనుకుని సేవ్ చేస్తారు. రోబోకు దక్కేవి కొన్ని అంకెలు: ఎంత తిరగాలి, ఎంత చాచాలి, ఎంత ఎత్తు. ఎందుకు చాలనుకున్నారో అందులో ఉండదు.

అక్షరాభ్యాసం రోజు బియ్యంలో వేలు పట్టి దిద్దించినప్పుడు పిల్లవాడికీ వేలు వెళ్లిన దారే తెలుసు. తేడా తర్వాత, వాడు సొంతంగా తప్పు రాసిన రోజున బయటపడుతుంది. అలాగైతే రోబోది చదువు కాదు, జ్ఞాపకం అనేసి ఊరుకోవచ్చు. నాకంత ధైర్యం లేదు. మన దినచర్యలో ఎంత భాగం ఎవరో ఎప్పుడో నడిపించిన దారి కాదు?

రోబోకు ఇలా దారి చూపడం కొత్తేమీ కాదు. ఆవిష్కర్త జార్జ్ డెవాల్ 1954లో పేటెంటుకు దరఖాస్తు పెట్టిన రోబో యంత్రం, 1961లో న్యూజెర్సీలోని జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలో పనికి దిగింది. చూపిన కదలికలను అయస్కాంత డ్రమ్ము మీద దాచుకుని, వాటినే మళ్లీ మళ్లీ చేసేది. చూపిన చోటికే తిరిగి రావడం, నేటికీ ఈ జాతి రోబోల గొప్పతనం అదే. చిక్కూ అక్కడే. శుభ్రం చేయడానికి ఛాంబర్ విప్పి బిగించాక లోపలి భాగం కాస్త పక్కకు కూర్చుంటే, రోబో పాత చోటికే నమ్మకంగా వెళుతుంది. వేఫర్ అంచు తగిలి పెచ్చు లేస్తుంది. రోబో చెప్పినట్టే చేసింది. బిగించినవాళ్లూ తెలిసి చేయలేదు. మరి తప్పెవరిది?

ఇప్పుడు సెన్సార్లు వచ్చాయి, వేఫర్ పక్కకు జరిగితే దారిలోనే సరిదిద్దుతాయి. ఎంత జరిగితే సరిదిద్దాలి, ఎంత జరిగితే ఆపేయాలి అన్న హద్దు మాత్రం మళ్లీ ఎవరో పెట్టాల్సిందే. పెట్టిన ఇంజనీరు ఉద్యోగం మారి వెళ్లిపోయి ఉండొచ్చు. రాత్రి షిఫ్టులో అలారం మోగితే, రీసెట్ నొక్కాలా వద్దా అని నిలబడేది ఇంకొకరు. స్క్రీన్ మీద అంకె కనిపిస్తుంది, కారణం కనిపించదు. అంకె హద్దులోకి వస్తే నొక్కుతారు, రాకపోతే నొక్కరు. ఇక్కడ ఎవరికి ఎవరు నేర్పినట్టు?